ఊరి అమర సైనికుల స్మారకం: పేర్ల సేకరణ నుంచి ఏటేటా నివాళి దాకా సమగ్ర మార్గదర్శి

రాయలసీమ పల్లెల్లో పొలిమేర దగ్గరో, చెరువుగట్టు మీదో వీరగల్లులు కనిపిస్తాయి. కత్తో బల్లెమో పట్టుకుని నిలబడ్డ మనిషి బొమ్మ చెక్కిన రాయి. దానికి పసుపు రాసి బొట్టు పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ ఆ వీరుడి పేరేమిటని అడిగితే చాలా చోట్ల ఊళ్లో ఎవరూ చెప్పలేరు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటిష్ వాళ్లు దేశంలో చాలా ఊళ్లలో చిన్న పలకలు పెట్టించారు. ఈ ఊరి నుంచి ఇంతమంది యుద్ధానికి వెళ్లారు, వాళ్లలో ఇంతమంది ప్రాణాలిచ్చారు అని రాసి ఉంటుంది. అంకెలే తప్ప పేర్లుండవు.

పల్నాటి కారంపూడిలో సంగతి వేరు. యుద్ధం జరిగింది 12వ శతాబ్దంలో. అక్కడ కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ వీరుల ఆరాధన ఏటా జరుగుతుంది. బాలచంద్రుడు, కన్నమదాసు ఎవరో ఆ ప్రాంతంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వాళ్ల పేర్లు నిలిచింది వాటిని ఏటా గొంతెత్తి పలికే రోజులు ఉండబట్టే.

ఇప్పుడు మన ఊళ్లలో ఒక జవాను అమరుడైతే మొదట వినిపించే మాట విగ్రహం. చందాలు, శంకుస్థాపన, ఆవిష్కరణ చకచకా జరిగిపోతాయి. మూడో ఏడు వచ్చేసరికి మెడలో ఎండిన దండ, చుట్టూ పిచ్చిమొక్కలు. అందుకే ఈ వరుసను తిరగేయమంటాను. ముందు కుటుంబం, తర్వాత పేర్లు, ఆపైన రోజు, ఆఖరున రాయి. కింద చెప్పే అడుగులన్నీ ఆ వరుసలోనే ఉన్నాయి.

మొదటి అడుగు: ఆ ఇంటికి వెళ్లడం

కమిటీ వేయకముందే కుటుంబం దగ్గరికి వెళ్లాలి. పదిమంది గుంపుగా వద్దు. ఊరి పెద్ద ఒకరు, మాజీ సైనికుడు ఒకరు, ఆ ఇంటి ఆడవాళ్లతో చనువున్న ఒకామె చాలు. ఫోన్లు జేబులోనే ఉండాలి. ఆ రోజు ఫోటోలు తీయొద్దు, గ్రూపుల్లో పెట్టొద్దు.

భార్యతోనూ తల్లిదండ్రులతోనూ విడివిడిగా మాట్లాడండి. ప్రభుత్వం ఇచ్చే డబ్బు, పెన్షన్, ఉద్యోగం విషయంలో అత్తమామలకూ కోడలికీ మాట పట్టింపులు వచ్చిన ఇళ్లు ఉంటాయి. ఆ తగువులో ఊరు తలదూర్చకూడదు. అలాగని ఒక వైపు వాళ్లనే అడిగి పని కానిచ్చేయకూడదు. కోడలు పుట్టింటికి వెళ్లిపోయి ఉంటే అక్కడికే వెళ్లి అడగాలి. ఆమె మళ్లీ పెళ్లి చేసుకున్నా సరే, అతని జ్ఞాపకం మీద ఆమె హక్కు పోదు. పిల్లలుంటే, ఊహ తెలిసిన వయసైతే, వాళ్లనూ కూర్చోబెట్టి అడగండి. ఎంతొచ్చింది, ఎవరికొచ్చింది అనే మాట మాత్రం మీ నోట రాకూడదు.

అడగాల్సినవి నాలుగే. స్మారకం వాళ్లకు ఇష్టమేనా? అతన్ని ఇంట్లో ఏమని పిలిచేవాళ్లు, రాతి మీద ఏ పేరు ఉండాలి? ఏ ఫోటో వాడాలి? ఏ రోజున నివాళి పెట్టుకుంటే వాళ్లు తట్టుకోగలరు? చివరి ప్రశ్న విని కొందరు ఏడుస్తారు. జవాబు ఆ రోజే రావాలనేం లేదు, నెలరోజులు ఆగి మళ్లీ వెళ్లండి. ఇంటి ముందు నుంచి పోతూ రోజూ కొడుకు విగ్రహాన్ని చూడలేనని ఒక తల్లి అంటే, విగ్రహం ఆలోచన అక్కడితో మానుకోవాలి. ఊరి గౌరవం ఆమె కన్నీళ్ల కన్నా పెద్దది కాదు.

రెండో అడుగు: పేర్ల పుస్తకం

మొత్తం పనిలో ఎక్కువ కాలం పట్టేది ఇదే, పట్టాలి కూడా. ఒక గట్టి అట్ట పుస్తకం తీసుకోండి. ఒక్కో సైనికుడికి రెండేసి పేజీలు. పూర్తి పేరు, ఇంటిపేరు, తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చేరిన సంవత్సరం, ఆర్మీ నంబరు, హోదా, రెజిమెంట్, అమరుడైన తేదీ, చోటు, వచ్చిన పతకాలు, సమాచారం ఎవరు చెప్పారో వాళ్ల పేరు. ప్రతి వివరం పక్కన అది కాగితంలో చూసిందో, నోటిమాటగా విన్నదో రాయండి.

మొదట తేల్చుకోవాల్సింది ఎవరి పేర్లు చేర్చాలన్నది. ఆర్మీ లెక్కల్లో బ్యాటిల్ క్యాజువాల్టీ, ఫిజికల్ క్యాజువాల్టీ అని రెండు రకాలు ఉంటాయి. యుద్ధంలో, ఉగ్రవాద నిరోధక ఆపరేషన్లలో పోయినవాళ్లు మొదటి రకం. జబ్బు చేసో, మామూలు ప్రమాదంలోనో పోయినవాళ్లు సాధారణంగా రెండోదాంట్లోకి వస్తారు. పెన్షన్ లెక్కకు ఈ తేడా అవసరం, ఊరి రాతికి అవసరం లేదని నా అభిప్రాయం. అప్పటి చిత్తూరు జిల్లాకు చెందిన లాన్స్ నాయక్ సాయితేజ 2021 డిసెంబర్ 8న కూనూరు హెలికాప్టర్ ప్రమాదంలో జనరల్ బిపిన్ రావత్‌తో పాటు పోయాడు. అప్పటి కర్నూలు జిల్లా యువకుడు ముస్తాక్ అహ్మద్‌ను, 19వ మద్రాస్ బెటాలియన్‌లోని అతని సహచరులను 2016 ఫిబ్రవరిలో సియాచిన్ మంచు మింగేసింది. వీళ్లెవరికీ శత్రువు తూటా తగల్లేదు. అయినా డ్యూటీలో ఉండగా ప్రాణం పోయింది కదా, ఆ మాట చాలు. నాలుగేళ్ల కాలానికి సైన్యంలో చేరే అగ్నివీరులనూ వేరు చేయొద్దు. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలానికి చెందిన మురళీ నాయక్ 2025 మేలో నియంత్రణ రేఖ దగ్గర పోయేనాటికి అగ్నివీరుడే. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ జవాన్లనూ కలుపుకోవాలి. యుద్ధాలు చేసి తిరిగొచ్చి ఇంటి దగ్గర కాలం చేసినవాళ్లకు పుస్తకంలో వేరే భాగం పెట్టండి, అదే రాతి మీద కలపొద్దు.

ఇక వివరాలు ఎక్కడ దొరుకుతాయో చూద్దాం. మొదటి చోటు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. జిల్లాలోని మాజీ సైనికుల, వీరనారుల (అమరుల భార్యల) వివరాలు అక్కడ ఉంటాయి. తర్వాత ఆయా రెజిమెంట్ల రికార్డ్స్ ఆఫీసులు. మద్రాస్ రెజిమెంట్‌ది నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, మద్రాస్ శాపర్స్‌ది బెంగళూరులో, ఆర్టిలరీది నాసిక్ రోడ్డులో, సిగ్నల్స్‌ది జబల్పూరులో, ఈఎంఈది, ఆర్డినెన్స్ కోర్‌ది సికింద్రాబాద్‌లో ఉన్నాయి. ఆర్మీ నంబరు లేకుండా రాస్తే జవాబు కష్టం. నంబరు కోసం ఇంట్లో డిశ్చార్జి బుక్కు, పీపీవో (పెన్షన్ మంజూరు) కాగితం, పాత టెలిగ్రాం వెతకండి. ఏదీ దొరక్కపోతే పతకం అంచు చూడండి. చాలా పతకాల అంచు మీద నంబరు, హోదా, పేరు సన్నని అక్షరాల్లో చెక్కి ఉంటాయి. భూతద్దం కావాలి.

1939–45 యుద్ధంలో పోయినవాళ్ల కోసం కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో వెతకొచ్చు. రంగూన్ మెమోరియల్ మీద దాదాపు 27,000 పేర్లు, సింగపూర్ క్రాంజీలో 24,000కు పైగా పేర్లు ఉన్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్లినవాళ్లూ వాటిలో ఉన్నారు. కొన్ని పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా కూడా ఇస్తారు. అయితే ఆనాటి ఇంగ్లిష్ స్పెల్లింగులతో వెతకాలి. కృష్ణా కిస్ట్నాగా, విశాఖపట్నం విజగపటంగా, విజయవాడ బెజవాడగా, కాకినాడ కొకనాడగా, ఏలూరు ఎల్లోర్‌గా ఉంటాయి. తెలంగాణ ఊళ్ల వాళ్లు నిజాం సంస్థాన సైన్యం కోణం కూడా చూడాలి. ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలో నిలబడ్డ ముగ్గురిలో ఒకరు హైదరాబాద్ లాన్సర్లకు గుర్తు.

స్వాతంత్ర్యం తర్వాత పోయినవాళ్ల పేర్లు ఢిల్లీలోని నేషనల్ వార్ మెమోరియల్‌లో ఉంటాయి. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించినప్పుడు అక్కడ 25,942 పేర్లు ఉన్నాయి, తర్వాత ఇంకా చేరాయి. వాళ్ల వెబ్‌సైట్‌లో పేరుతో వెతకొచ్చు. సీఆర్‌పీఎఫ్, పోలీసు అమరులకు చాణక్యపురిలో 2018 అక్టోబర్ 21న ప్రారంభించిన నేషనల్ పోలీస్ మెమోరియల్ ఉంది.

పేరు రాసే తీరు దగ్గర గట్టిగా నిలబడండి. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఆర్మీ కాగితాల్లో ఇంటిపేరు ఒక అక్షరమైపోతుంది, లేదా వెనక్కి పోతుంది. ఒక్కోసారి తండ్రి పేరే ఇంటిపేరుగా ఎక్కుతుంది. రికార్డులో ఉన్నట్టు ఇంగ్లిష్‌లో, ఇంట్లో పిలుచుకున్నట్టు తెలుగులో, రెండూ పుస్తకంలో రాసుకోండి. రాతి మీద తెలుగు పేరే పైన ఉండాలని నేనంటాను. ఆ ఊరి పిల్లలు చదివేది ఆ పేరునే.

మూడో అడుగు: రోజు పెట్టుకోవడం

రాయి లేకుండానే మొదటి నివాళి జరపొచ్చు, జరపాలి కూడా. బడి ఆవరణలో ఒక బల్ల, తెల్లగుడ్డ, ఫోటోలు, పూలు ఉంటే చాలు. పుస్తకంలోని పేర్లు ఒక్కొక్కటీ చదవండి. వరుసగా రెండేళ్లు ఇలా జరిపాక ఎవరు పిలవకుండా వస్తున్నారో తెలుస్తుంది. మీ స్మారక కమిటీ వాళ్లే.

ఏ రోజు? ఒక్కరే అమరుడైతే అతను పోయిన తేదీ. సూర్యాపేట వాళ్లకు జూన్ 15 అలాంటిది. 16వ బిహార్ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ సంతోష్ బాబు 2020లో ఆ రోజు గల్వాన్‌లో 19 మంది సహచరులతో పాటు ప్రాణాలిచ్చాడు. మరణానంతరం మహావీర చక్ర వచ్చింది. పేర్లు ఎక్కువుంటే ఉమ్మడి రోజు కావాలి. జులై 26 కార్గిల్ విజయ దివస్, డిసెంబర్ 16 విజయ దివస్, డిసెంబర్ 7 సాయుధ దళాల పతాక దినం ఉన్నాయి. పల్లెలకు డిసెంబర్ బాగుంటుంది. జులైలో వాన, నాట్లు; జనం రారు. బడులు తెరిచి ఉండే రోజు చూసుకోండి.

ఇంకో సంగతి. ఇంట్లోవాళ్లు తద్దినం తిథి ప్రకారం పెడతారు, ఊరు తేదీ ప్రకారం జరుపుతుంది. ఈ రెండూ కొన్ని రోజుల తేడాతో వస్తాయి. తద్దినం రోజున ఊరి కార్యక్రమం పెట్టకండి. అది ఆ ఇంటి సొంత రోజు.

నాలుగో అడుగు: చోటు, అనుమతి

అందరూ నాలుగు రోడ్ల కూడలి అంటారు. అక్కడ వద్దు. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, ప్రజోపయోగ స్థలాల్లో విగ్రహాలకు, కట్టడాలకు రాష్ట్ర ప్రభుత్వాలు అనుమతి ఇవ్వకూడదని 2013 జనవరి 18న సుప్రీంకోర్టు ఆదేశించింది. రేపు రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఆ విగ్రహాన్ని జేసీబీతో ఎత్తాల్సి వస్తుంది. ఆ దృశ్యం ఆ తల్లిదండ్రులు చూడకూడదు.

బడి ఆవరణ, పంచాయతీ ఆఫీసు ఆవరణ, గ్రంథాలయం పక్క ఖాళీ జాగా మంచివి. గ్రామసభలో చర్చ పెట్టి పంచాయతీ తీర్మానం రాయించండి. తహసీల్దారు ఆఫీసులో ఆ జాగా ఏ ఖాతాలో ఉందో చూసుకోండి. బడి అయితే హెడ్మాస్టరు ద్వారా విద్యాశాఖ అంగీకారం కావాలి. విగ్రహం పెట్టే ఉద్దేశముంటే జిల్లా అధికారుల అనుమతి చేతికి వచ్చాకే శిల్పికి అడ్వాన్సు ఇవ్వండి. కుటుంబం తమ సొంత పొలంలో సమాధి కట్టుకుంటామంటే అది వేరే విషయం. దానికి ఊరు దారి బాగుచేసి పెడితే చాలు.

ఉమ్మడి స్మారకం ఏ గుడి, మసీదు, చర్చి ఆవరణలోనూ వద్దు. ఆ రాతి మీద ముస్తాక్ పేరూ ఉండొచ్చు, జోసెఫ్ పేరూ ఉండొచ్చు. వాళ్ల ఇంటివాళ్లు జంకు లేకుండా వచ్చి నిలబడగలిగే చోటు కావాలి.

ఐదో అడుగు: రాయి, అక్షరాలు, బొమ్మ

నా సలహా సాదా నల్ల గ్రానైట్ పలక. చీమకుర్తి గెలాక్సీ రాయికి ప్రపంచమంతా పేరుంది, కానీ దాని మెరుపు చుక్కల మధ్య చిన్న అక్షరాలు సరిగా కనపడవు. చుక్కలు లేని రాయి తీసుకోండి. అక్షరాలు లోతుగా చెక్కించండి. పైపైన గీకి బంగారు రంగు పూస్తే ఎండకు రంగు పోయి పేరు మాయమవుతుంది. మన అక్షరాలకు ఒత్తులు, గుణింతాలు ఉంటాయి కాబట్టి చిన్న సైజులో చెక్కితే అవి పూడుకుపోతాయి. అక్షరం అంగుళానికి తగ్గకుండా చూసుకోండి.

చెక్కే ముందు అసలు కొలతలో ఫ్లెక్సీ మీదో కాగితం మీదో ప్రింటు తీయించి ప్రతి కుటుంబానికీ చూపించండి. వాళ్లు వేలు పెట్టి పైకి చదవాలి. రాతి మీద ఒక్క దీర్ఘం తప్పినా, ఆ తల్లి అటు వెళ్లిన ప్రతిసారీ ఆ తప్పే కనిపిస్తుంది. చదివాక ప్రింటు మీద సంతకం తీసుకోండి.

పేర్లను హోదా ప్రకారం పేర్చకండి. అమరులైన తేదీల వరుస మంచిది. కింద కొంత ఖాళీ వదలండి. ఒకసారి రాయి నిలబడ్డాక పాత యుద్ధాల్లో పోయిన తాతల పేర్లు తెచ్చి చూపించే మనవళ్లు వస్తారు.

అమర్ జవాన్ గుర్తుగా తలకిందులుగా నిలిపిన తుపాకీ, దానిపై హెల్మెట్ పెట్టాలనుకుంటే లోహంతోనో రాతితోనో చేయించండి. రెజిమెంట్ చిహ్నం చెక్కించాలంటే ఆ రెజిమెంట్ సెంటర్‌కు ఉత్తరం రాసి అనుమతి, సరైన బొమ్మ రెండూ అడగండి. నాలుగు సింహాల ముద్ర మాత్రం పెట్టకూడదు. 2005 నాటి చట్టం ప్రకారం అది ప్రభుత్వ చిహ్నం, మన ఇష్టానికి వాడేది కాదు.

విగ్రహమే కావాలని కుటుంబం కోరితే, అచ్చు పోయకముందు మట్టి నమూనా దగ్గరికి తల్లినీ భార్యనూ తీసుకెళ్లండి. పోలిక కుదిరిందో లేదో చెప్పాల్సింది వాళ్లే. యూనిఫాం తప్పులు పట్టడానికి మాజీ సైనికుణ్ణి వెంట తీసుకెళ్లండి. పతకాలు ఎడమ ఛాతీ మీద ఉండాలి, బెరే (సైనికుల మెత్తటి టోపీ) మీద బ్యాడ్జి ఎడమ కంటికి పైన రావాలి, హోదా గుర్తులు అతనివే అయ్యుండాలి. ఫోటోలో చూసి చెక్కే శిల్పులు తడబడేది ఇక్కడే.

శంకుస్థాపన చేసినవాళ్ల, విరాళమిచ్చినవాళ్ల పేర్లు అమరుల పలక మీద ఉండకూడదు. దీనిమీద రాజీ పడొద్దు. దాతల పేర్లు ఆవరణ గోడకు వేరే చిన్న పలక మీద పెట్టండి. జవాను పేరు కన్నా ముఖ్య అతిథి పేరు పెద్ద అక్షరాల్లో ఉన్న రాళ్లు చూస్తే మనసు చివుక్కుమంటుంది.

దీపానికి, కొబ్బరికాయకు పలక ముందు వేరే చప్టా కట్టించండి. మనవాళ్లు పసుపు కుంకుమ పెట్టకుండా ఉండరు, వద్దనడం కూడా సరికాదు. నూనె పలక మీద పడకపోతే చాలు.

ఆరో అడుగు: డబ్బు

కమిటీ పేరుతో బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకాలు, ప్రతి రూపాయికీ రసీదు ఉండాలి. ఖర్చుల పట్టిక పంచాయతీ నోటీసు బోర్డులో అంటించండి. అమరుల కుటుంబాల దగ్గర చందా తీసుకోవద్దు. వాళ్లే ఇస్తామంటే మొక్క నాటమనండి. వసూలైన దాంట్లో కొంత భాగం మొదటే నిర్వహణకు పక్కన పెట్టి ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. రంగు, తోటమాలి, పూలు, లైటు బిల్లు దాని వడ్డీలోంచి రావాలి.

ఏడో అడుగు: ఆవిష్కరణ

పలక మీదో విగ్రహం మీదో జాతీయ జెండా కప్పి లాగడం చాలాచోట్ల చూస్తాం. అది నేరం. 1971 నాటి జాతీయ గౌరవ చిహ్నాల అవమాన నిరోధక చట్టం ప్రకారం జెండాను విగ్రహానికి గానీ స్మారకానికి గానీ ముసుగుగా వాడకూడదు. తెల్లగుడ్డ కప్పండి. జెండా విడిగా కర్ర మీద ఎగరాలి.

పలక మీది గుడ్డ తల్లో, భార్యో, బిడ్డో తీయాలి. మొదటి పుష్పగుచ్ఛం కుటుంబానిది, తర్వాత మాజీ సైనికులది, ఆపైన బడి పిల్లలది, నాయకులది ఆఖరున. పిలిచేటప్పుడే ఈ వరుస చెప్పేయండి, వేదిక మీద ఇబ్బంది ఉండదు. పార్టీ కండువాలు, జెండాలు ఆవరణ బయటే. బ్యూగిల్ కోసం దగ్గర్లోని ఎన్‌సీసీ యూనిట్‌ను ముందుగా అడగండి. లాస్ట్ పోస్ట్ అనే నివాళి రాగం వాయించాక రెండు నిమిషాల మౌనం. ఆ రెండు నిమిషాలు మైకు ఆపేయాలి, జనరేటర్ దూరంగా ఉండాలి.

కుటుంబానికి ముందు వరుసలో నీడలో కుర్చీలు, మంచినీళ్లు పెట్టండి. తల్లి మాట్లాడనంటే మైకు చేతికివ్వొద్దు. నాన్న యూనిఫాంలాంటి బట్టలు తొడిగి పసిపిల్లలను వేదిక మీద నిలబెట్టి సెల్యూట్ చేయించడం నాకు అస్సలు మింగుడుపడదు. వాళ్లను అమ్మ ఒళ్లో కూర్చోనివ్వండి. కుటుంబసభ్యులు నివాళి సమయంలో అతని పతకాలు పెట్టుకోవాలనుకుంటే కుడి ఛాతీ మీద పెట్టుకోవడం పద్ధతి.

ఎనిమిదో అడుగు: ఏటేటా

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని అందరూ మిలటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి నుంచి మనుషులు వెళ్లారు, ఇప్పటికీ సైన్యంలో చేరే యువకులు ఉన్నారు. ఊళ్లో స్మారకం ఉంది. అక్కడ ప్రతి ఇంటికీ ఆ రాతితో ఏదో ఒక సంబంధం ఉంటుంది కాబట్టి దాన్ని చూసుకొమ్మని ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకరిద్దరే అమరులున్న ఊళ్లో ఆ సంబంధం మనం కల్పించుకోవాలి.

దీనికి బడిని మించిన దారి లేదు. ఏటా తొమ్మిదో తరగతికి పేర్ల పుస్తకం అప్పగించండి. ఒక్కో జట్టు ఒక్కో పేరు తీసుకుని ఆ ఇంటికి వెళ్లి, ఒక్క కొత్త సంగతి తెలుసుకుని రావాలి. బాగా ఈదేవాడనో, లీవుకొస్తే మొదట అక్క ఇంటికే పోయేవాడనో, ఏదైనా సరే. నివాళి రోజున ఆ సంగతి చెప్పి పేరు చదవాలి. పదేళ్లకు ఊళ్లో యువకులందరూ ఏదో ఒక పేరు మోసినవాళ్లే అవుతారు.

జెండా కర్ర ఉంటే ఒక మనిషికి పేరు పెట్టి బాధ్యత అప్పగించండి. 2022 జులైలో ఫ్లాగ్ కోడ్ మార్చాక బయట జెండాను రాత్రి కూడా ఉంచొచ్చు, కానీ చిరిగింది, వెలిసింది ఎగరకూడదు. చూసుకునే మనిషి లేకపోతే జెండాను నివాళి రోజుల్లోనే కట్టండి. పలకను మంచినీళ్లతో, మెత్తటి గుడ్డతో తుడవాలి. యాసిడ్ తగలనివ్వొద్దు.

ఇంట్లో జ్ఞాపకం

ఇది కుటుంబంలోవాళ్ల కోసం, వాళ్లకు సాయపడే చుట్టాల కోసం.

మొదట ఫోన్ సంగతి, ఎందుకంటే దానికి గడువుంది. ఈ తరం జవాన్ల మాటలు ఉత్తరాల్లో లేవు, వాయిస్ మెసేజుల్లో ఉన్నాయి. అతని నంబరు రీచార్జి ఆగితే కొన్నాళ్లకు కంపెనీ దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తుంది. 120 రోజులు వాడకపోతే వాట్సాప్ ఖాతా తొలగిపోతుంది. రెండేళ్లు తెరవని గూగుల్ ఖాతాను, అందులోని ఫోటోలతో సహా, ఆ సంస్థ తీసేయొచ్చు. అందుకని నెలలోపే నమ్మకమైన ఒకరు కూర్చుని మెసేజులు, ఫోటోలు, వీడియోలు రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లోకి దించాలి. ఒకటి తల్లిదండ్రుల ఇంట్లో, ఇంకోటి భార్య దగ్గర. ఇప్పుడు వినలేకపోయినా ఫర్వాలేదు, ఉండనివ్వండి. నంబరు చిన్న రీచార్జితో నడుపుకుంటే ఇంకా మంచిది.

పాత ఇన్‌ల్యాండ్ ఉత్తరాలుంటే, 56 ఏపీవో అనో 99 ఏపీవో అనో ఆర్మీ పోస్టాఫీసు చిరునామా ఉన్నవి, లామినేషన్ చేయించకండి. వేడికి కాగితం, సిరా దెబ్బతింటాయి, మళ్లీ విడదీయలేం. స్కాన్ చేసి, మడతలు విప్పి, తెల్ల కాగితాల మధ్య పెట్టి చల్లని చోట దాచండి. పిన్నులు, రబ్బరు బ్యాండ్లు తీసేయండి.

పతకాలను చింతపండుతోనో పీతాంబరితోనో తోమొద్దు. అంచు మీది అక్షరాలు అరిగిపోతాయి. నూలు గుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లం వేసి పెట్టండి. ఎండ తగిలితే రిబ్బన్ రంగు పోతుంది, కాబట్టి ఫ్రేము కిటికీకి ఎదురుగా పెట్టకండి. యూనిఫాంను ఒకసారి ఉతికి, పూర్తిగా ఆరాక, మడతల మధ్య నూలుగుడ్డ పెట్టి నల్ల ట్రంకు పెట్టెలోనే ఉంచండి. ఉతకడానికి మనసొప్పదంటారు కొందరు, అతని వాసన పోతుందని. అలాంటప్పుడు ఒక చొక్కా ఉతక్కుండా విడిగా దాచుకోండి.

తల్లిదండ్రుల మాటలు రికార్డు చేయండి. అతను పోయిన రోజు గురించి అడగకండి. పుట్టిన రోజు, మొదటి జీతంతో ఏం కొన్నాడు, రిక్రూట్‌మెంట్ ర్యాలీకి ఎలా వెళ్లాడు, అలాంటివి అడగండి. ఒక్కో దఫా అరగంట చాలు.

ఇరుగుపొరుగుకు ఒక మాట. కర్మలు అయిపోయాక ఇల్లు ఖాళీ అవుతుంది. అసలు కష్టం మొదటి సంక్రాంతికి, మొదటి ఉగాదికి, అతను లీవుకు వచ్చే నెలకు. ఆ రోజుల్లో వెళ్లండి. ఆమెను పేరుతో పలకరించండి. అతని పేరు ఎత్తితే బాధపడుతుందేమోనని మాట తప్పించకండి. అతని పేరు వినాలనే ఆమెకు ఉంటుంది.

ఊరికి దూరంగా ఉన్నవాళ్లు

ఢిల్లీ వెళ్తే నేషనల్ వార్ మెమోరియల్ త్యాగ చక్రంలో గ్రానైట్ పలకల మీద మీ ఊరి జవాను పేరు వెతకండి. ప్రవేశం ఉచితం. అక్కడ సాయంత్రం వేళ అమరుల కుటుంబసభ్యులు పుష్పగుచ్ఛం ఉంచే కార్యక్రమం జరుగుతుంది. మీ ఊరి కుటుంబాన్ని దానికి తీసుకెళ్లాలనుకుంటే జిల్లా సైనిక సంక్షేమ అధికారి ద్వారా కదలండి, ప్రయాణ ఖర్చు ఊరు భరించాలి. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్ దగ్గర వీరుల సైనిక స్మారకం, విశాఖ బీచ్ రోడ్డులో 1971 నౌకా విజయ స్మారకం పిల్లలను తీసుకెళ్లదగ్గ చోట్లు.

సింగపూర్‌లో, మయన్మార్‌లో ఉన్న తెలుగువాళ్లు చేయగలిగిన పని ఒకటుంది. ఊరి కమిటీ నుంచి 1939–45లో పోయినవాళ్ల పేర్లు తెప్పించుకుని, క్రాంజీలోనో, రంగూన్ మెమోరియల్ ఉన్న యాంగోన్ దగ్గరి తౌక్యాన్‌లోనో ఏ పలక మీద ఉన్నారో వెబ్‌సైట్‌లో చూసుకుని వెళ్లండి. పేరు స్పష్టంగా పడేలా ఫోటో తీయండి. దాని పెద్ద ప్రింటు వేయించి ఆ మనవళ్లకు పంపండి, ఇంకో కాపీ ఊరి పేర్ల పుస్తకంలో అంటించమనండి. డబ్బు పంపాలనుకుంటే పతాక దినం నిధికి సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపొచ్చు. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర బలగాల అమరుల కుటుంబాలకైతే భారత్ కే వీర్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ ద్వారా పంపండి. వ్యక్తుల ఖాతాలకు వేయమని ఫోన్లలో తిరిగే క్యూఆర్ కోడ్‌లను మాత్రం నమ్మకండి. జవాను పోయిన వారంలోనే అలాంటి మోసాలు మొదలవుతాయి. ముందు కుటుంబానికి తెలిసినవాళ్లతో మాట్లాడి తేల్చుకోండి.